రేవులో దిగిన గుర్రాలు, పుట్టని పిల్లలు

ఒంగోలు గిత్తను లోకానికి ఇచ్చిన నేల యుద్ధానికి పనికొచ్చే గుర్రపు జాతిని మాత్రం ఒక్కదాన్నీ ఇవ్వలేదు. అలాగని ఈ నేలకు గుర్రంతో పరిచయం లేదా అంటే, శతాబ్దాల పరిచయం ఉంది. ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మామూలు తీరగ్రామంగా కనిపించే మోటుపల్లి ఒకప్పుడు కాకతీయుల పెద్దరేవు. గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయశాసనం, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు కాజేసే పాత పద్ధతికి స్వస్తి చెప్పి, ముప్పయ్యో వంతు సుంకం కడితే చాలని వర్తకులకు మాట ఇచ్చింది. రెడ్డిరాజుల కాలంలో, 1358లో అనపోతారెడ్డి ఆ రేవు వర్తకులకు మళ్లీ అలాంటి హామీలే ఇచ్చాడు. కొండవీటి కుమారగిరిరెడ్డికి సరుకులు సమకూర్చిన అవచి తిప్పయసెట్టి కుటుంబం ఏ దేశం నుంచి ఏమేమి తెప్పించేదో శ్రీనాథుడు హరవిలాసంలో వరసపెట్టి చెప్పాడు. అందులో గుర్రాలు హురుముంజివి, అంటే పారశీక అఖాతం ముఖద్వారం దగ్గరి ఓర్ముజ్ దీవివి. పత్తి, మిరప చేలుగా మనం ఎరిగిన మైదానం (మిరప అప్పటికి ఇంకా సముద్రం దాటి రాలేదు) గుర్రాన్ని కొన్నది, మేపింది, యుద్ధానికి పంపింది, పోగొట్టుకుంది, మళ్లీ కొన్నది. కని పెంచడం మాత్రం జరగలేదు. ఎందుకు?

అందరూ చెప్పే జవాబు ఎండ. ఎడారి జంతువుకు కోస్తా ఉక్కపోత పడదు, అంతే, అంటారు. ఆ జవాబులో కొంత నిజం ఉంది, ఆ కొంత ఎంతో ముందు ముందు చూద్దాం. కానీ ఎండ గుర్రం పెంపకాన్ని ఖరీదైన పనిగా చేసింది తప్ప అసాధ్యం చేయలేదు. అసలు లోటు మనిషిది. ఆడగుర్రం ఎప్పుడు ఎదకొచ్చింది, ఎప్పుడు చూడి కట్టింది, ఎందుకు కట్టలేదు అన్నదాని మీద బతుకు ఆధారపడిన మనిషి ఈ సమాజంలో లేడు. ఆవు విషయంలో అలాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ, దాదాపు ప్రతి కొట్టంలోనూ ఉన్నాడు. ఒక జంతువు కడుపు గురించిన జ్ఞానం ఆ కడుపు పండితే బాగుపడేవాడి దగ్గరే పోగుపడుతుందన్నది నా వాదన.

ముందు సాక్ష్యం. 1290 ప్రాంతంలో ఈ తీరం మీదుగా వెళ్లిన మార్కో పోలో మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. రాజ్యాన్ని చక్కగా ఏలిన రాణి గురించి, వజ్రాల గురించి, సాలెగూడులాంటి సన్నని నూలుబట్టల గురించి రాశాడు. లోకంలోకెల్లా పెద్ద గొర్రెలు ఇక్కడున్నాయని కూడా అన్నాడు. నెల్లూరు గొర్రెను ఎరిగినవాళ్లకు ఆ మాట అతిశయోక్తిగా తోచదు. అంటే పశువుల సైజు చూసే కన్ను అతనికుంది. దక్షిణాన మాబార్ తీరానికి వెళ్లేసరికి ఆ కన్ను గుర్రం మీద పడింది. అక్కడి రాజు ఏడాదికి 2000కు పైగా గుర్రాలు కొంటాడనీ, అతని అన్నదమ్ములూ అంతేసి కొంటారనీ, సంవత్సరం తిరిగేసరికి 100 కూడా మిగలవనీ రాశాడు. గుర్రపు వైద్యుల్ని ఓడల్లో రానివ్వకుండా వర్తకులే అడ్డుపడతారట, గుర్రాలు చస్తేనే కదా మళ్లీ బేరం. దాదాపు ఆ కాలపువాడే అయిన పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఈ తీరాలకు ఏటా 10,000 గుర్రాలు వచ్చేవనీ, ఒక్కోదాని ధర 220 దీనారాలనీ లెక్క రాశాడు. మాబార్ తమిళ తీరం కదా, దాని సాక్ష్యం మోటుపల్లికి ఎలా పనికొస్తుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ అంకెల్ని కాకతీయులకు అంటగట్టకూడదు. కానీ ఓడలు అవే, గుర్రాలు అవే, గాలిలో తేమా దాదాపు అదే. అంకెలు పక్కన పెట్టినా, కొనడం ఆగకపోవడం అనే తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే.

పోలో రాసిన ఇంకో మాటను చరిత్రకారులు వింతల ఖాతాలో వేసి దాటేస్తుంటారు. నాకు అన్నింటికంటే విలువైనది అదే. మేలుజాతి ఆడగుర్రాన్ని మేలుజాతి మగగుర్రంతో దాటించినా, అక్కడ పుట్టేది వంకరకాళ్ల గిడసబారిన పిల్లేనట, ఎక్కడానికి పనికిరానిదట. అదే గ్రంథంలో గుర్రాలకు మాంసంతో కలిపి వండిన అన్నం పెడతారనీ ఉంది. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. బియ్యంలో, తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. ఉష్ణదేశపు గడ్డి రకాలు కొన్నింట్లో ఉండే ఆక్సలేట్ ఆ ఉన్న కాస్త కాల్షియాన్నీ గుర్రానికి అందకుండా పట్టేస్తుంది. అలాంటి మేత నెలల తరబడి తిన్న గుర్రంలో శరీరం తన ఎముకల్నే కరిగించుకుంటుంది. దవడలు ఉబ్బుతాయి, నడక కుంటుతుంది. పదకొండు నెలలు పిల్లను మోసే తల్లి, పాలిచ్చే తల్లి అలాంటి మేత మీద ఉంటే పిల్ల కాళ్లు వంకర తిరగడంలో ఆశ్చర్యం లేదు. పోలో చూసినదానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం. అయినా అతను గాలి మీద, నేల మీద వేసిన నేరం దాణాతొట్టిది కావచ్చు. దాణాతొట్టిని మార్చే అధికారం మనిషికి ఉంటుంది.

ఇక ఎండ సంగతి. ఎండ పక్షాన వాదించేవాళ్ల చేతిలో గట్టి ఆధారాలే ఉన్నాయి. చల్లటి దేశాల నుంచి వచ్చిన గుర్రాలు కొన్ని ఇక్కడి ఉక్కలో చెమట పట్టడమే మానేస్తాయి. ఒళ్లు పొడిబారి, లోపలి వేడి బయటికి పోక, కొద్దిపాటి పరుగుకే కూలబడతాయి. ఈగలు మోసుకొచ్చే సర్రా జబ్బు ఇంకో ఆధారం. దాని క్రిమిని 1880లో పంజాబు సరిహద్దులోని డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్తించాడు. అదే క్రిమి ఆవు ఒంట్లో చాలాసార్లు కిమ్మనకుండా పడి ఉంటుంది, గుర్రాన్ని మాత్రం వారాల్లోనో నెలల్లోనో చంపుతుంది. ఈస్టిండియా కంపెనీ బీహారులోని పూసాలో గుర్రాల క్షేత్రం పెట్టి, 1808లో విలియం మూర్‌క్రాఫ్ట్ అనే చదువుకున్న పశువైద్యుణ్ణి దాని మీద వేసింది. ఆయన అక్కడ ఓట్స్ సాగు మొదలుపెట్టాడు, మంచి గుర్రాల కోసం హిమాలయాలు దాటాడు, ఆ వెతుకులాటలోనే 1825లో మధ్య ఆసియాలో చనిపోయాడు. కంపెనీ నుంచి వారసత్వంగా వచ్చిన ఆ క్షేత్రాల వ్యవస్థను ప్రభుత్వం 1870ల్లో ఎత్తేసింది. మద్రాసు పటాలాలు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చిన వేలర్ గుర్రాల మీద ఆధారపడ్డాయి. డబ్బు, వైద్యుడు, ప్రభుత్వం మూడూ ఉండీ తడిమైదానంలో ఓడిపోయారంటే ఎండనూ తేమనూ తీసిపారేయలేం.

కానీ ఎండే అంతా అయితే సుంబా ఉండకూడదు. ఇండోనేషియాలోని ఈ ద్వీపం భూమధ్యరేఖకు దక్షిణాన పది డిగ్రీల దూరంలో, అంటే ఒంగోలు కన్నా మధ్యరేఖకు దగ్గరగా ఉంది. శాండల్‌వుడ్ అనే పేరున్న పొట్టిగుర్రాలు అక్కడే పుట్టి, 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి ఇతర దీవులకు పోయాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు అదే దీవికి మన ఒంగోలు పశువుల్ని తీసుకెళ్లారు. అవీ అక్కడ స్థిరపడి సుంబా ఒంగోలు అనే పేరు తెచ్చుకున్నాయి. ఒకే గడ్డి మీద రెండూ బతికాయి. సుంబా మన కోస్తాకన్నా పొడినేల, అక్కడివి పొట్టిగుర్రాలు, ఓర్ముజ్ తేజీలు కావు అంటే ఒప్పుకుంటాను. అయితే సుంబాలో పెళ్లిళ్లకు వరుడి వైపువాళ్లు ఇచ్చుకునే కట్నం గుర్రాలూ గేదెలూనని మరిచిపోకూడదు. గుర్రప్పిల్ల పుట్టడం అక్కడ ఇంటి గౌరవం. మన పక్కనే భీమానది లోయలో దక్కనీ గుర్రాలు పుట్టి మరాఠా దళాల్ని మోశాయి. అక్కడ రౌతుల్లో చాలామంది గుర్రం సొంతగాళ్లు.

ఇప్పుడు ఒంగోలు ఆవు వైపు తిరిగితే తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. జొన్నచొప్ప, పత్తిగింజలు, ఉలవలు, పొలంలో పండినదాన్నంతా నెమరు వేసి ఒంటికి పట్టించుకునే జంతువు అది. పత్తిగింజలోని విషపదార్థాన్ని ఎదిగిన నెమరుపశువు పొట్ట చాలావరకు కట్టడి చేస్తుంది. మేత సరే, మనుషుల ఏర్పాటు అంతకన్నా ముఖ్యం. ఇంటి పెద్ద పోయినప్పుడు దేవుడి పేర అచ్చువేసి ఆబోతును వదిలే ఆచారం ఈ ప్రాంతంలో ఉంది. ఏ కోడెను వదలాలో ఊరి పెద్దలు చూసి ఎంచేవాళ్లు. నడుంకట్టు, మూపురం, గంగడోలు, నడక చూసి, ఏబ్రాసి కోడెను దేవుడికి అంటగట్టనిచ్చేవాళ్లు కాదు. ఆ ఆబోతు ఎవరి చేలో పడినా తోలడమే తప్ప కొట్టడం లేదు. అంటే మగపశువు ఊరి ఉమ్మడి ఆస్తి, ఆవు ఇంటి సొంత ఆస్తి. ఈ జాతి గొప్పతనానికి ఈ ఆబోతులే పునాదని ఇంగ్లీషు అధికారులు కూడా రాశారు. ఎదకొచ్చిన ఆవు అరుస్తుంది, పక్క ఆవుల మీద ఎక్కుతుంది, మేత మానుతుంది, పాలు తగ్గిస్తుంది. పాలు పితికే ఇల్లాలికి ఆ పొద్దే తెలిసిపోతుంది. ఇరవయ్యొక్క రోజుల తరవాత మళ్లీ అరిస్తే చూడి కట్టలేదని లెక్క. ఇందుకు పుస్తకం అక్కర్లేదు.

గుర్రం అలా కాదు, ఇక్కడే చరిత్రకూ శరీరశాస్త్రానికీ ముడి పడుతుంది. ఆడగుర్రం ఎద అయిదారు రోజులుంటుంది గానీ, దగ్గర్లో మగగుర్రం లేకపోతే ఆ ఎద చాలామటుకు పైకి కనిపించదు. అందుకే గుర్రాల పెంపకందార్లు ఒక మగగుర్రాన్ని కేవలం ఆడగుర్రాల ఎదుట నడిపించడానికి, అవి ఎలా స్పందిస్తాయో చూడటానికి ఉంచుకుంటారు. యుద్ధపు లాయంలో అందుకు విరుద్ధమైన ఏర్పాటు ఉంటుంది. ఆడామగా కలిస్తే కట్లు తెంచుకుంటాయి కనుక విడివిడిగా కట్టేస్తారు. దానికితోడు అరబ్బులు ఆడగుర్రాన్ని ప్రాణంగా చూసుకుంటారు, తేలిగ్గా అమ్మరు. రేవులో దిగే తేజీల్లో మగవే ఎక్కువై ఉంటాయని ఊహించడం కష్టం కాదు. వచ్చిన కొద్దిపాటి ఆడగుర్రాలూ ఎదకొచ్చేది ఎవరికీ కనపడకుండా రోజులు గడిపి ఉంటాయి. లాయంలో సాహిణికి జీతం గుర్రం నిగనిగలాడినందుకు, పిల్ల పుట్టినందుకు కాదు.

మనకు శాలిహోత్రుడి సంప్రదాయం ఉంది కదా, మనుమంచి భట్టు తెలుగులోనే హయలక్షణ గ్రంథం రాశాడు కదా అని అభ్యంతరం రావచ్చు. వచ్చి తీరాలి కూడా. ఆ గ్రంథాల్లో రోగాలకు మందులు ఉన్నాయి, వాటిని చిన్నచూపు చూడను. కానీ వాటిలో బరువైన భాగం దేని మీద ఉందో చూడండి. రంగు, సుడులు, పళ్లను బట్టి వయసు, నడక, శుభాశుభ లక్షణాలు. రేవు ఒడ్డున కొత్త గుర్రం ముందు నిలబడి, కొనాలా వద్దా అని తేల్చుకోవలసినవాడికి కావలసిన విద్య ఇది. కొనుగోలుదారు విద్య. ఈ సుడి అరిష్టమని చెప్పే పుస్తకం ఈ ఆడగుర్రం నిరుడెందుకు చూడి కట్టలేదని అడగదు. రాజ్యం డబ్బు కూడా అటే నడిచింది. రాజు విదేశీ గుర్రపు వర్తకుల్ని దర్శనాలిచ్చి, కానుకలిచ్చి తనవైపు తిప్పుకోవాలనీ, గుర్రాలు శత్రువుకు దక్కనివ్వకూడదనీ రాజనీతిగా చెప్పిన ఆముక్తమాల్యద కర్తే 1515లో కొండవీటిని పట్టుకున్నాడు. ఆయన ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని, అందులో ఓర్ముజ్‌వీ దేశవాళీవీ ఉండేవని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడు. అంతకుముందు సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిన గుర్రానికి సైతం వెల కట్టేవాడట, దాని తోక తెచ్చి చూపిస్తే చాలట. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు కనపడలేదు. నడిసముద్రంలో చచ్చిన గుర్రానికి ధర గ్యారంటీగా ఉంది. అద్దంకి దగ్గరో వినుకొండ దగ్గరో ఒక రైతు కొట్టంలో పుట్టిన పిల్లకు ఆ గ్యారంటీ లేదు. నూనిజ్ చెప్పిన దేశవాళీ గుర్రాలు ఉన్నాయి, బరువులు మోసే తట్టువలు ఊళ్లలో పుట్టాయి, అవేవీ కాదనను. అశ్వదళానికి కావలసిన ఎత్తూ ఊపూ ఉన్న జాతిని తరాల తరబడి కట్టుకొచ్చే పనికి మాత్రం ఎవరూ పూనుకోలేదు.

ఆ పనికి ఎలాంటి జ్ఞానం కావాలో చూపించే కఠినమైన ఉదాహరణ ఆడగుర్రం అండాశయంలో వచ్చే కణితి. వాటిలో ఎక్కువగా కనపడేది గ్రాన్యులోజా కణాల కణితి. సాధారణంగా ఒకవైపు అండాశయానికే వస్తుంది, నిదానంగా పెరుగుతుంది, ఒళ్లంతా పాకడం అరుదు. కానీ అది వదిలే హార్మోన్లు రెండో అండాశయాన్ని ఎండగట్టేస్తాయి. ఆ గుర్రం ఎదకు రావడం మానేస్తుంది, లేదా ఎద తగ్గకుండా ఉంటుంది, లేదా మగగుర్రంలా మెడ పొంగించి తోటి ఆడగుర్రాల మీదికి పోతుంది. బయటి నుంచి చూసేవాడికి అది పొగరుబోతు గుర్రం, లేదా గొడ్డుది, లేదా ఏదో చెడ్డసుడి ఉన్నది. లోపల ఏముందో తెలియాలంటే వైద్యుడు భుజం దాకా చెయ్యి పెట్టి పేగు గోడ మీంచి తడమాలి. చిక్కుడుగింజ ఆకారంలో, ఒకపక్క చిన్న గుంటతో ఉండవలసిన అండాశయం ఆ గుంట పూడిపోయి పెద్ద ముద్దలా తగులుతుంది. రెండోది వెతికితే గానీ దొరకదు. 1980ల నుంచి అల్ట్రాసౌండ్ వచ్చాక ఆ ముద్ద లోపలి తేనెపట్టులాంటి గదులు తెర మీద కనపడుతున్నాయి. కణితి ఉన్న అండాశయాన్ని తీసేస్తే, చాలా గుర్రాల్లో ఆరేడు నెలలకో ఏడాదిలోపో రెండోది మేలుకొని మళ్లీ పని మొదలుపెడుతుంది.

చూడి గుర్రంలో ఇది ఇంకా చిక్కు. ఈ కణితి ఉన్నదానికి మామూలు ఎద రాదు కనుక చూడి కట్టడం అరుదు. కట్టిందంటే కణితి తరవాత మొదలైందనో, హార్మోన్ల జోలికి పోని వేరే రకం కణితి అనో అనుకోవాలి. పైగా ఏ కణితీ లేని చూడి గుర్రంలోనే ఈ లక్షణాలు కొన్ని కనపడతాయి. సుమారు 40వ రోజు నుంచి 120వ రోజు దాకా గర్భాశయంలో తయారయ్యే ఒక హార్మోను అండాశయాల్ని ప్రేరేపిస్తుంది, అవి ఉబ్బుతాయి. ఆ తరవాత పిండం వృషణాలో అండాశయాలో వదిలే పదార్థాల వల్ల తల్లి రక్తంలో మగ హార్మోను పెరుగుతుంది. చూడి సంగతి తెలియకుండా పరీక్షించినవాడు ఉత్తి గర్భాన్ని కణితి అనుకునే ప్రమాదం ఉంది. ఇవాళ యాంటీ ముల్లేరియన్ హార్మోను పరీక్ష ఆ అనుమానాన్ని చాలావరకు తీరుస్తోంది, దాని కొలత గర్భంతో మారదు కనుక. కణితి నిజమే అయినా దారి ఉంది. అయిదో నెల దాటాక గర్భాన్ని నిలిపేది మాయ వదిలే హార్మోన్లే. అప్పుడు అండాశయాన్ని తీసేసినా పిల్ల నిలవగలదు. ఆవు అలా కాదు, దాని గర్భం ఏడో నెల దాకా అండాశయాన్నే నమ్ముకుని ఉంటుంది. కాబట్టి ఆవులో ఆరితేరిన రైతు కూడా గుర్రం దగ్గర కొత్తగా నేర్చుకోవలసిందే.

కాకతీయుల కాలపు మనిషిని అల్ట్రాసౌండ్ లేదని నిందించడం అన్యాయం కాదా? నిందించడం లేదు. ఆ రోజుల్లో అరేబియా బెదూయీలకూ అండాశయం సంగతి తెలియదు, అయినా వాళ్లు గుర్రాన్ని సృష్టించారు. ఎలాగంటే, ఆడగుర్రాన్ని గుడారం పక్కనే కట్టుకున్నారు, వంశాన్ని తల్లి వైపు నుంచి లెక్కపెట్టారు, ఏ తల్లి ఎన్ని కన్నదో, ఏది గొడ్డుపోయిందో నోటికి చెప్పగలిగారు. చూడి కట్టనిదాన్ని వంశం నుంచి తప్పించడానికి కణితి పేరు తెలియనక్కర్లేదు. లెక్క తెలిస్తే చాలు. ఒంగోలు రైతు తన ఆవుకు చేసిందీ అదే. ఇద్దరిదీ ఒకే విద్య, అరేబియాలో గుర్రం మీద, గుండ్లకమ్మ ఒడ్డున ఆవు మీద. నడుమ ఓడ నడిపినవాడికి రెండో ఒడ్డున ఆ విద్య పుట్టకుండా ఉండటమే లాభం.

తరవాతి కథలో గుర్రమూ ఒంగోలు ఆవూ మళ్లీ కలిశాయి, ఎవరూ అనుకోని చోట. 1930లో కాలిఫోర్నియాలో కోల్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు చూడి గుర్రం రక్తంలో అండాశయాల్ని మేల్కొలిపే పదార్థం ఉందని చూపించారు. 40వ రోజు నుంచి ఊరే ఆ హార్మోనే. పశువైద్యులు పీఎంఎస్‌జీ అంటారు. ఒంగోలు పశువులు 19వ శతాబ్దంలోనే బ్రెజిల్ చేరాయి, 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరు మోసుకుంటూ ఒక గిత్త అక్కడికి వెళ్లి నెలోర్ జాతికి మూలపురుషుల్లో ఒకటైంది. పచ్చికబయళ్లలో దూడను వెంటేసుకు తిరిగే నెలోర్ ఆవు మళ్లీ ఎదకు రావడం ఆలస్యమవుతుంది. వేల ఆవుల మందలో ఇంటి ఇల్లాలిలా కనిపెట్టి చూసేవాళ్లు ఉండరు. అందుకని అక్కడ ఒకే రోజున మందకంతా కృత్రిమ గర్భధారణ చేసే పద్ధతి పెట్టుకున్నారు, అందులో ప్రతి ఆవుకూ 300, 400 యూనిట్ల పీఎంఎస్‌జీ పొడుస్తారు. ఆ మందు ఉరుగ్వే, అర్జెంటీనాల్లో చూడి గుర్రాల నుంచి తీసిన రక్తంలోంచి వస్తోంది. హార్మోను ఊరే గడువు దాటాక, మళ్లీ త్వరగా దాటించడానికి ఆ చూళ్లను చాలాచోట్ల మధ్యలోనే తీయించేస్తారని జంతుసంరక్షకులు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. ప్రయోగశాలలో కణాల నుంచి తయారైన హార్మోను ఈ మధ్య మార్కెట్లోకి వచ్చింది. నెలోర్ మందల వాళ్లు దానికి మళ్లుతారా లేదా అన్నది ధర తేలుస్తుంది.